ఇక్కడ తప్పు రావాలి

“అన్నీ పచ్చే సార్!” అంది కొత్త టీచరు. తెర మీద పైనుంచి కిందిదాకా పచ్చటి టిక్కులు. ఒక్క ఎర్రమచ్చ లేదు. ఆమె సంచీ భుజాన వేసుకుని భోజనానికి పోయింది. నేను పోలేదు. ల్యాబ్ ఖాళీ అయింది. కంప్యూటర్లన్నీ లినక్స్ కొత్త వెర్షన్ ఎక్కించుకుని, కొత్త బట్టలు తొడిగిన పిల్లల్లా బుద్ధిగా కూర్చున్నాయి. భోజనాల తరువాత కొత్త బ్యాచ్ వస్తుంది. మొదటి రోజు, మొదటి అభ్యాసం. వెనక గోడకు ఆనుకుని డైరెక్టరు నిలబడతాడు. సాఫీగా సాగితే ఈ పాఠాలు ఉంటాయి. ఎక్కడైనా కుంటుపడితే బయటి కంపెనీ తయారుచేసిన పాఠం కొంటాడు. అందులో బొమ్మలుంటాయి, సంగీతం ఉంటుంది, ఎవరిదో తెలియని గొంతు ఉంటుంది. కొన్నాళ్ళుగా ఇదే పాట. “ఆ పాత అభ్యాసాలకు ఇంకెన్నాళ్ళు అతుకులేస్తారండీ?” అతుకులట. ఆ అభ్యాసాలు రాసింది నా భార్య. ఈ గదిలోనే లినక్స్ నేర్పింది. ఆమె పోయాక, వెర్షన్ మారినప్పుడల్లా వాటిని కొత్తదానికి సరిపెడుతున్నది నేను. వైర్లు లాగడానికి ఇక్కడ చేరినవాణ్ణి. పిల్లలు నన్ను షాకు సారు అంటారు, ముట్టుకుంటే కొడతానట. అననీ. ముట్టుకోకుండా ఉంటారు కదా.

పచ్చ, పచ్చ, పచ్చ. ఈ పరీక్ష యంత్రం కొత్త టీచరు తయారు చేసింది. అభ్యాసంలోని మెట్లన్నీ ఒకదాని తరువాత ఒకటి తనే నొక్కుకుంటూ పోతుంది. ఆదేశం పనిచేస్తే పచ్చ, తప్పు వస్తే ఎరుపు. మంచి పనే. కాదనను. నేను ఒక్కొక్కటీ చేత్తో కొట్టి చూసేవాణ్ణి, వేళ్ళ కణుపులు వాచేవి. నా భార్య కుర్చీలో కూర్చుందని ఈ అమ్మాయితో చాలాకాలం ముఖం చూసి మాట్లాడలేదు. కుర్చీ చేసిన పాపం ఏమిటి, అమ్మాయి చేసిన పాపం ఏమిటి. అత్త మీద కోపం దుత్త మీద. తెలుసు, అయినా మాట్లాడలేదు. వెర్షన్ మారడమంటే అద్దె ఇల్లు మారినట్టే అనేది నా భార్య. సామాను అదే, మేకులు మాత్రం మళ్ళీ కొట్టుకోవాలి. నెట్‌వర్క్ చూపించే పాత ఆదేశం పోయి పొట్టిది వచ్చింది. సేవలు ఆపి మొదలుపెట్టే పద్ధతి తల్లకిందులైంది. ఎవరెవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో చెప్పే ఆదేశం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి, దాని పని ఇంకొకటి చేస్తోంది. అన్నీ వెతికి మార్చాను. ఆదేశాలే మార్చాను. ఆమె వాక్యాలు మార్చలేదు. ‘ఇక్కడ తొందరపడి ఎంటర్ నొక్కుతారు. నాకు తెలుసు. నొక్కకండి.’ ‘ఇప్పుడు పక్కవాళ్ళ తెర చూడండి. కాపీ కొట్టడానికి కాదు, ధైర్యానికి.’ ఇలాంటివి. కంపెనీ పాఠంలో ఇలాంటివి ఉండవు. అందులో ‘అభినందనలు’ ఉంటుంది.

అలా కిందికి చదువుతూ పోతూ ఆరో మెట్టు దగ్గర ఆగాను. పచ్చ. మొదటి అభ్యాసం ఆరో మెట్టు పచ్చగా ఉంది. పచ్చగా ఉండకూడదు. ఆ మెట్టు ఎర్రబడాలనే ఆమె రాసింది. అన్ని అభ్యాసాల్లోనూ ఆమె కావాలని తప్పు పెట్టింది ఆ ఒక్క చోటే. మొదటి రోజే, అందరూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్న వేళ. ఎందుకు ఒక్క చోటేనని అడిగితే, “ఆ తరువాత నేను పెట్టనక్కర్లేదండీ, వాళ్ళే తెచ్చుకుంటారు” అంది. నిర్వాహకులు వాడే పనిముట్టు ఒకదాన్ని మామూలు మనిషిగా పిలవమంటుంది. యంత్రం ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. వెంటనే ఆమె వాక్యం: ‘ఇక్కడ తప్పు రావాలి. వచ్చిందా? భయపడకండి. తెర మీద ఉన్నది అందరూ కలిసి పైకి చదవండి.’ క్లాసు క్లాసంతా ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివేది. అప్పుడామె చెప్పేది: యంత్రం తిట్టలేదు, అది లేదని కూడా అనలేదు, తనకు తెలిసిన చోట్ల వెతికానంది, అంతే. ఎక్కడుందో మనం చెబుదాం పదండి. తరువాతి మెట్లలో ఆ పనిముట్టు ఏ అరలో ఉందో వెతికి, చిరునామాతో పిలిచేవాళ్ళు. పలికేది. గదిలో నవ్వు పుట్టేది. ఇప్పుడు కొత్త వెర్షన్‌లో ఆ రెండు అరలూ కలిపేశారు. నిర్వాహకుల పనిముట్లు, అందరి పనిముట్లు ఒకే చోట. ఎవరు పిలిచినా పలుకుతాయి. తప్పు రాదు. పచ్చ. తప్పు రానప్పుడు ‘ఇక్కడ తప్పు రావాలి’ అన్న వాక్యం ఎందుకని ఎవరో దాన్ని తీసేశారు. దాని వెనకే వెతుకులాట మెట్లూ పోయాయి. నున్నగా ఉంది ఆ చోటు. గోడలో మేకు పీకి సున్నం కొట్టినట్టు.

ఎవరో ఏమిటి, కొత్త టీచరే. నేను ఆదేశాలు చూశాను, ఈ అమ్మాయి వాక్యాలు చూసింది, అలా పంచుకున్నాం. లేచి వెళ్ళి నాలుగు మాటలు అందామనిపించింది. లేవలేదు. మోకాళ్ళు కూడా ఒప్పుకోవాలి కదా. బల్ల మీద నా నీళ్ళ సీసా ఉంది, పొద్దున్నుంచి ముట్టలేదు. దాని మూత నాకు రాదు, వేళ్ళకు పట్టు చాలదు. ఇంట్లో గుడ్డ చుట్టి తిప్పుతాను. ఇక్కడ అందరి ముందూ గుడ్డ చుట్టను. పంకా తిరుగుతోంది. నేను బిగించిన పంకాయే, ఒక రెక్క కొంచెం వంగి ఉంటుంది, ఆమె దాన్ని చూసి “మీలాగే తిరుగుతోంది, గొణుక్కుంటూ” అనేది.

వంటింటి బల్ల. వెర్షన్ మారినప్పుడల్లా ఆ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి నన్ను కూర్చోబెట్టేది. గిన్నెలు పక్కకు జరిపేది. “మొదటి అభ్యాసం నుంచి చేయండి. అన్నీ మరిచిపోయినట్టు చేయండి.” “మరిచిపోయినట్టేంటి, మరిచిపోయాను.” “అయితే ఇంకా మంచిది. మీకర్థమైతే అందరికీ అర్థమైనట్టే.” అది పొగడ్త కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నా వెనక నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ నా మెడ చూసేది. తెర చూసేది కాదు. నా మెడ నరం లేస్తే ఆ మెట్టు దగ్గర వాక్యం బాగాలేదని గుర్తుపెట్టుకునేది. ఒకసారి నేను ఏదో తప్పు కొట్టాను, తెర నిండా ఇంగ్లీషు. నాకు చదివే పద్ధతి ఒక్కటే వచ్చు. పల్లెటూరి బడిలో నేర్పింది. గీత కింద వేలు పెట్టి, పైకి, రాగం తీస్తూ, ముక్క ముక్క. లోపల చదువుకోవడం మాకు నేర్పలేదు. లోపల చదివితే మాస్టారుకు ఎలా తెలుస్తుంది, చదివామో నిద్రపోయామో? తప్పు చదివితే పలక నెత్తిన పడేది. ఆ మాస్టారు పోయి ఎన్నేళ్ళయిందో. నేనింకా క్షమించలేదు. సరే, ఆ రోజు కూడా తెర మీద వేలు పెట్టి చదివాను, క-మాం-డ్, నా-ట్, ఫౌం-డ్ అని రాగం తీసి. వెనక కత్తి చప్పుడు ఆగింది. నవ్వుతోందనుకున్నాను. తిరిగి చూస్తే నవ్వడం లేదు. “మళ్ళీ చదవండి” అంది. “ఎందుకు, వేళాకోళమా?” “కాదు. మీరు చదివితే అది తిట్టులా లేదు. మామూలు మాటలా ఉంది.”

ఆ తరువాత ఒక రోజు ఈ ల్యాబ్ తలుపు దగ్గర స్విచ్చు బోర్డు విప్పుతున్నాను. లోపల ఆమె పిల్లలకు చెబుతోంది. “మా ఇంట్లో ఒకాయన ఉన్నారు. తప్పొస్తే పైకి చదువుతారు. పైకి చదివితే సగం భయం దిగిపోతుంది, మిగతా సగం చెవుల్లో పడి అర్థమవుతుంది. మనమూ చదువుదాం.” పిల్లలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు మాట్లాడలేదు. కూరగాయల బండి దాటాక అంది, “ఎగతాళి చేశాననుకున్నారా?” నేను నడక వేగం పెంచాను. “పాఠం చెప్పాను. మీ పాఠమే.” అప్పుడూ వెనక్కి తిరగలేదు. కాని ఆ రోజు నుంచి ఆ మెట్టు వేళకు ఏదో ఒక పని పెట్టుకుని తలుపు దగ్గర ఉండేవాణ్ణి. బల్బు మార్చేవాణ్ణి. మాడని బల్బు. గదినిండా గొంతులు ఒకేసారి లేచేవి, నా రాగంలో కాదు, నా రాగాన్ని ఆమె నేర్చుకుని, ఆమె నుంచి వాళ్ళు నేర్చుకున్న రాగంలో. కొందరు సిగ్గుపడి పెదాలే కదిపేవాళ్ళు. ఆమె వాళ్ళ పక్కకు వెళ్ళి నిలబడేది. ఏమీ అనేది కాదు. వాళ్ళకూ గొంతు వచ్చేది. అప్పుడు, “ఇక నీళ్ళు తాగండి” అనేది. ప్రతి తప్పు తరువాతా అదే మాట. నీళ్ళు తాగండి, తరువాత చూద్దాం. ప్రపంచంలో తప్పులన్నిటికీ ఆమె దగ్గర ఉన్న మందు అది.

సంతాప సభ పెట్టారు, ఇదే గదిలో. డైరెక్టరు మాట్లాడాడు. “జీవితంలో ఒక్క తప్పు చేయని మనిషి” అన్నాడు. జేబురుమాలు కూడా తీశాడు. ఆమె గురించి ఏమీ తెలియని మనిషి మాత్రమే అనగల మాట అది. ఆమె అన్నం మాడ్చేది. ఎదురుగా కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతికేది. బస్సు ఎక్కి దిగాల్సిన చోటు దాటిపోయి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి, దారిలో కొత్త దుకాణం చూశానని సంబరంగా చెప్పేది. నేను తిట్టేవాణ్ణి. ఆమె నీళ్ళు తాగేది. ఒక్క తప్పు చేయని మనిషట. నేనొక్కణ్ణే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టలేదు. సంతాప సభలో చప్పట్లేమిటని ఎవరికీ తట్టలేదు.

డాక్టరు కూడా అంతే. పరీక్షల కాగితం తిప్పి చూసి, “అన్నీ నార్మలేనమ్మా. పని తగ్గించుకోండి, నిద్రపోండి” అన్నాడు. కాగితం మీద ఒక్క గుర్తూ ఎర్రగా లేదు. బయటికి వచ్చి ఆమె రోడ్డు దాటుతూ నా చెయ్యి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపింది, బడి వదిలిన పిల్లలా. నడిరోడ్డు మీద. వదలమన్నాను. వదల్లేదు. ఆ పరీక్షల్లో వెతకాల్సిన చోట వెతకలేదని తరువాత ఇంకొక డాక్టరు చెప్పాడు. చెప్పేసరికి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆ మొదటివాణ్ణి క్షమించలేదు. క్షమించను. ముసలితనంలో మనిషి మెత్తబడతాడంటారు. నేను మెత్తబడలేదు. పచ్చగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. అడగాల్సింది అడగలేదని కూడా అర్థం కావచ్చు. అందుకే ఈ ఆరో మెట్టు ఇట్లా పచ్చగా మెరుస్తుంటే చూడలేకపోతున్నాను. నోరు మూసుకుంటే సరిపోతుంది, నిజానికి. డైరెక్టరు పచ్చ చూస్తాడు, పాఠాలు ఉంటాయి, పైన ఆమె పేరు ఉంటుంది. ఆ గొంతులే ఉండవు. నోరు తెరిచి మార్చానా, ఎరుపు వస్తుంది, డైరెక్టరు ఎరుపు చూస్తాడు, మొత్తానికే పోతుంది. మింగలేను, కక్కలేను.

తలుపు తెరుచుకుంది. కొత్త టీచరు. డబ్బా సగం తిన్నట్టుంది, మూతికింకా మెతుకు. “మీరు తినలేదా సార్?” “ఆరో మెట్టులో ఒక వాక్యం ఉండాలి.” “ఏది? ఓ, అదా. తప్పు రావాలి అన్నది. ఇప్పుడు తప్పు రావట్లేదు కదా సార్, పాతబడిపోయిందని తీసేశాను. బాగా నడుస్తోంది ఇప్పుడు.” “బాగా నడవకూడదు.” ఆమె నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. చెప్పాను. నాలుగు ముక్కల్లో చెప్పాను, ఎక్కువ చెప్పడం నాకు రాదు. మొదటి రోజు, ఒక్క తప్పు, అందరూ పైకి చదవడం. ఎవరి దగ్గర పుట్టిందో చెప్పలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “నేను వీడియోలు చూసి నేర్చుకున్నాను సార్. గదిలో ఒక్కదాన్నే. తప్పొస్తే గబుక్కున ల్యాప్‌టాప్ మూసేసేదాన్ని, ఎవరో చూస్తున్నట్టు. మా అమ్మ ఏమైందే అంటే ఏం లేదనేదాన్ని.” తరువాత అంది, “ఇట్లాంటిదొకటి ఉంటుందని నాకెవరు చెప్పారు? మీరైనా చెప్పాల్సింది. మీరసలు నాతో మాట్లాడితే కదా.” నిజమే. ఉన్న మాటంటే ఉలుకెక్కువ, ఉలిక్కిపడ్డాను, కాని పైకి కనిపించనివ్వలేదు. “కొత్త తప్పు కావాలి” అన్నాను. “ఈ వెర్షన్‌లో వచ్చే తప్పు.” “ఇప్పుడా! బ్యాచ్ వచ్చేస్తుంది సార్.” “వస్తే రానీ.”

తప్పు చేయమంటే లోకంలో అందరూ సిద్ధమే. కాని తగిన తప్పు దొరకడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఫైలు చెరిపించి చూద్దామన్నాను. చెరిపినది తిరిగి రాదు, మొదటి రోజే ఏడిపిస్తామా అంది ఆమె. తప్పు పాస్‌వర్డ్ కొట్టిద్దామంది. అది యంత్రం తప్పు పట్టడం కాదు, మనిషిని అనుమానించడం, వద్దన్నాను. యంత్రంలో ఇతరుల ఫైళ్ళున్న గదిలోకి పోబోతే ‘అనుమతి లేదు’ అంటుంది, అన్ని వెర్షన్లలోనూ అంటుంది, మారదు. అది తేలిక. చేయి కీబోర్డు మీద పెట్టాను కూడా. అప్పుడు వంటింటి బల్ల దగ్గర నా భార్య అన్న మాట గుర్తొచ్చింది. అదే తప్పు నేను సూచిస్తే తల అడ్డంగా ఊపింది. “మొదటి రోజు, మొదటి మాట, నీకు అనుమతి లేదు అని అందరితో పైకి చదివిస్తామా? వీళ్ళలో చాలామంది ఆ మాట బయట రోజూ వినే ఇక్కడికొస్తున్నారు.” చేయి వెనక్కి తీశాను. ఆమె పెట్టిన తప్పులో ఏమీ పోదు. ఎవరూ ఎవరినీ తిట్టరు. కావలసినది చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది. ఒక తప్పు మీద ఇంత ఆలోచన పెట్టిందా ఆ మనిషి. అన్నం మాడ్చింది ఇందుకేనా.

వసారాలో చెప్పుల చప్పుడు మొదలైంది. ముందుగా వచ్చినవాళ్ళు బయట బల్ల మీద గుసగుసలాడుతున్నారు. కొత్త టీచరు గోళ్ళు కొరుకుతోంది. “ఒక చిన్న ఫైలు రాసి చూస్తాను” అన్నాను, ఏం చూద్దామనుకున్నానో నాకే తెలియదు, చేతులకు పని కావాలి, అంతే. ఒక్క వాక్యం అచ్చువేసే చిన్న ఫైలు. ఏ వాక్యమో ఆలోచించలేదు, వేళ్ళే రాశాయి. పాత వెర్షన్లలో తెలుగు అక్షరాలు ఆ నల్ల తెర మీద కిందా మీదా పడి గుర్తుపట్టలేకుండా ఉండేవి, నా భార్య ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేది. ఈ వెర్షన్‌లో గుణింతాలు కాస్త పక్కకు ఒరిగినా చదువుకోవచ్చు. ఒక్క మంచి పని చేశారు. ఫైలుకు నడిచే హక్కు ఇచ్చాను, పేరు కొట్టాను, ఎంటర్ నొక్కాను. యంత్రం ఒక వాక్యం అంది. నేను వేలు పెట్టి చదివాను, అలవాటు, క-మాం-డ్, నా-ట్, ఫౌం-డ్. “కళ్ళెదురుగా పెట్టుకుని కనబడలేదంటావేంట్రా గాడిదా” అన్నాను. కొత్త టీచరు నా వైపు తిరిగింది. నేను తెర వైపే చూస్తున్నాను. నా ఫైలు అక్కడే ఉంది, నేను నిలబడ్డ చోటే. యంత్రం తనకు చెప్పిన అరల్లో వెతుకుతుంది, మనం నిలబడ్డ చోటు మాత్రం వెతకదు. ముందు ఒక చుక్క, ఒక వాలుగీత పెట్టి పిలవాలి. ఇక్కడే చూడు, నా దగ్గరే ఉంది అని చెప్పడం అన్నమాట. ఇది నాకు తెలియనిది కాదు, ఎన్నోసార్లు చేసిందే, తొందరలో మరిచిపోయాను. అరలు కలిపినా విడదీసినా ఈ పద్ధతి మారలేదు. ఏ వెర్షన్‌లోనూ మారలేదు. ఏమీ పోలేదు, ఎవరూ తిట్టలేదు, నేను తిట్టాననుకోండి. చెయ్యి చాపితే అందేంత దూరం. “సార్,” అంది ఆమె మెల్లగా, “ఇప్పుడు చదివారు చూడండి, అట్లాగేనా మేడం చదివించేది?” నేను తలూపాను.

కొత్త టీచరు రాసింది, నేను చెప్పాను. చిన్న ఫైలు, దానికి హక్కు, పేరుతో పిలుపు. తీసేసిన వాక్యాన్ని పాత కాపీ నుంచి తెచ్చి ఆ చోట పెట్టింది. అక్షరం మార్చలేదు. ‘ఇక్కడ తప్పు రావాలి. వచ్చిందా?’ ఆ కింద వెతుకులాట మెట్లు, చుక్క, వాలుగీత. పరీక్ష యంత్రం నడిపింది. ఆరో మెట్టు ఎర్రగా వెలిగింది. “ఇక్కడ ఎరుపొస్తేనే సరి అని దీనికి నేర్పిస్తే పచ్చ చూపిస్తుంది సార్. చేయనా?” “తప్పు రాకపోతే?” “అప్పుడు ఎరుపు చూపిస్తుంది.” “చేయి. కాని పక్కన ఆ ఎర్రచుక్క కూడా కనబడనీ. దాచకు.” ఆమె నావైపు వింతగా చూసి, అలాగే చేసింది. వచ్చే వెర్షన్‌లో ఈ తప్పు ఎప్పుడైనా నోరు మూసుకుంటే దీనికి తెలుస్తుంది. నేనున్నా లేకపోయినా.

తలుపు తెరిచారు. పిల్లలని అంటాం గాని అన్ని వయసులవాళ్ళూ ఉంటారు. దుకాణంలో పనిచేసేవాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు, చంటిబిడ్డను అమ్మ దగ్గర వదిలి వచ్చిన ఒక ఇల్లాలు. డైరెక్టరు వెనక గోడకు ఆనుకున్నాడు, చేతులు కట్టుకుని. నేను తలుపు దగ్గర. బల్బు మార్చే పని లేదు, ఊరికే నిలబడ్డాను. ఒకటో మెట్టు, రెండు, మూడు. తొందరపడి ఎంటర్ నొక్కారు, నొక్కవద్దని రాసి ఉన్నా. ఆరో మెట్టు. గదిలో వేళ్ళ చప్పుడు ఒక్కసారిగా ఆగింది. తెరలన్నిటి మీదా అదే వాక్యం. ఆ ఇల్లాలు మానిటరుకు చెయ్యి అడ్డం పెట్టింది, పక్కామెకు కనబడకుండా. కొత్త టీచరు చెప్పింది, పైకి చదవమని. ఎవరూ చదవలేదు. మళ్ళీ చెప్పింది. డైరెక్టరు గోడ వదిలి ముందుకు వచ్చాడు. “ఏంటండీ అది? పొద్దున అంతా బాగుందన్నారు!” అని నన్నడిగాడు. “రావాలి” అన్నాను. “ఏం రావాలి?” “ఇక్కడ తప్పు రావాలి. కింద రాసుంది, చూడండి.” ఆయన వంగి చూశాడు. కొత్త టీచరు నా వైపు చూసింది, తలుపు దగ్గరున్న నా వైపు, గదినంతా దాటించి. ఆమె చూపులో అడగడం ఉంది, ఆజ్ఞ లేదు.

క్లాసు జరిగేటప్పుడు నేను ఎప్పుడూ తలుపు ఇవతలే ఉన్నాను. గడప దాటి లోపలికి వెళ్ళాను. దగ్గరున్న తెర ముందు వంగి, గీత కింద వేలు పెట్టాను. క-మాం-డ్. నా గొంతు నాకే పాత తలుపులా వినిపించింది. ఎవరో కిసుక్కుమన్నారు. నా-ట్. నవ్వండి, ఫరవాలేదు, నవ్వితే నోరు తెరుచుకుంటుంది. ఫౌం-డ్. మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి పక్కనున్నతను అందుకున్నాడు, తరువాత ఆ వరస, తరువాత కిటికీ వైపు వరస. చంటిబిడ్డ తల్లి చెయ్యి తెర మీద నుంచి తీసింది. పెదాలే కదుపుతోంది. కొత్త టీచరు వెళ్ళి ఆమె పక్కన నిలబడింది, ఏమీ అనకుండా. ఈ అమ్మాయికి ఇది నేను చెప్పలేదు. నా వెనకే ఒక బొంగురు గొంతు కూడా లేచింది, రాగం కుదరని గొంతు. డైరెక్టరు. ఆయన జేబులో ఫోను మోగింది, ఆ కంపెనీవాడే అయివుంటాడు. “తరువాత చూద్దాం లెండి” అని కట్ చేసి మళ్ళీ వాక్యంలోకి వచ్చాడు. ఆయన భాషలో తరువాత అంటే వద్దని. ఆ మాట నాకు బాగా అలవాటు. సంతాప సభలో అన్న మాటను నేనేమీ క్షమించలేదు. చదివాడు, అంతవరకే.

చుక్క పెట్టారు, వాలుగీత పెట్టారు, పేరు కొట్టారు. తెరలన్నీ ఒకదాని తరువాత ఒకటి పలికాయి. గుణింతాలు పక్కకు ఒరిగి, కొంచెం కిందా మీదా పడి, అయినా చదువుకునేలా, అందరి ముందూ ఒకే మాట: ‘నీళ్ళు తాగండి.’ ముందు నవ్వు, తరువాత సంచుల జిప్పుల చప్పుడు, మూతల చప్పుడు. నేను నా సీసా పట్టుకుని నిలబడ్డాను. మూత తిప్పాను, రాలేదు. గుడ్డ తీయలేదు. కొత్త టీచరు అటుగా వెళుతూ, నన్నేమీ అడగకుండా, సీసా తీసుకుని, మూత తిప్పి, నా చేతిలో పెట్టి పోయింది. తాగాను.